పక్క దేశంలో జనం లేచినప్పుడు మన ఖాతా ఎవరి పేరు మీద ఉండాలి?

2022 జులై 9న కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి వెళ్లిపోయారు. 2024 ఆగస్టు 5న ఢాకాలో ప్రధాని నివాసంలోకి వెళ్లారు. 2025 సెప్టెంబర్ 9న ఖాట్మండులో పార్లమెంటు భవనానికే నిప్పంటుకుంది. మూడేళ్లు దాటీ దాటకముందే మన చుట్టూ మూడు ప్రభుత్వాలు రోడ్డు మీది జనం చేతిలో పడిపోయాయి.

మూడుసార్లూ ఢిల్లీ ముందు ఒకటే ప్రశ్న. అది వాళ్లింటి గొడవ అని ఊరుకోవాలా? జనం వైపు ఉన్నామని బయటికి చెప్పాలా? లేక చేతిలో ఉన్న బలం వాడి ఒకరిని దించడమో, ఒకరిని నిలబెట్టడమో చేయాలా?

ఇది విదేశాంగ శాఖ తలనొప్పి, గుంటూరు, ప్రకాశంలో పత్తి, మిరప వేసుకునేవాళ్లకు దీంతో ఏం పని అనిపించొచ్చు. పని ఉంది. 2023-24లో మన దేశం దాదాపు 6 లక్షల టన్నుల మిర్చి ఎగుమతి చేసింది. విలువ 12 వేల కోట్ల రూపాయల పైమాటే. అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు చైనా. ఆ వెనక వరుసలో బంగ్లాదేశ్, థాయిలాండ్, శ్రీలంక లాంటి దేశాలు ఉన్నాయి. అంటే ఆ మూడేళ్లలో తిరుగుబాటు చూసిన దేశాల్లో రెండు మన కాయ తినేవే.

పత్తి సంగతి ఇంకా దగ్గరిది. బంగ్లాదేశ్ ఎగుమతుల ఆదాయంలో 80 శాతానికి పైగా రెడీమేడ్ బట్టలదే. ఆ దేశంలో పండే పత్తి మాత్రం వాళ్ల మిల్లులకు ఏ మూలకూ చాలదు. దూది, నూలు బయటి నుంచి రావాల్సిందే. మన దేశపు నూలుకు అన్నిటికంటే పెద్ద గిరాకీ అక్కడిదే. గుంటూరు, చిలకలూరిపేట, గణపవరం చుట్టూ ఉన్న స్పిన్నింగ్ మిల్లులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఢాకాలో కర్ఫ్యూ పెడితే పేటలో షిఫ్టుల లెక్క మారుతుంది.

2024 ఆగస్టు నాటికి మిర్చి యార్డుకు వచ్చేది ఏసీ సరుకే. రేటు కోసం కోల్డ్ స్టోరేజీలో పెట్టి నెలల తరబడి ఎదురుచూసిన కాయ. ఆ వారం పెట్రాపోల్ సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయాయి, రెండు మూడు రోజుల తర్వాత మెల్లగా కదిలాయి. అది చిన్న నష్టమే. పెద్ద నష్టం ఆ తర్వాత ఏడాది పొడవునా జరిగింది, దాని సంగతి కింద చెప్తాను.

ఒక్క మనిషి మీద రాసుకున్న ఖాతా

బీకాం మొదటి సంవత్సరంలోనే ఒక సూత్రం చెప్తారు. సంస్థ వేరు, యజమాని వేరు. దుకాణం ఖాతాలో ఓనరు ఇంటి ఖర్చు రాయకూడదు, ఓనరు అప్పు దుకాణం అప్పు కాదు. దేశాల మధ్య సంబంధాలకు కూడా ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం. బంగ్లాదేశ్ విషయంలో మనం తప్పింది సరిగ్గా ఇక్కడే.

షేక్ హసీనాతో మన ప్రభుత్వాలకు మంచి సంబంధం ఉండటానికి గట్టి కారణాలు ఉన్నాయి. అది కాదనలేం. 1971 బంధం ఉంది. ఈశాన్య రాష్ట్రాల తీవ్రవాదులకు ఆమె తన దేశంలో చోటు లేకుండా చేసింది. రోడ్డు, రైలు దారులు తెరిచింది. కాంగ్రెస్ ప్రభుత్వమైనా, బీజేపీ ప్రభుత్వమైనా ఆమెను నమ్ముకున్నది అందుకే.

కానీ అదే సమయంలో అక్కడి ఓటు పెట్టె ఖాళీ అవుతూ వచ్చింది. 2014 ఎన్నికల్లో 300 సీట్లలో 153 చోట్ల పోటీయే లేదు. 2018లో ప్రతిపక్షాలకు దక్కినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సీట్లు. 2024 జనవరి 7 ఎన్నికలను ప్రధాన ప్రతిపక్షం బీఎన్‌పీ బహిష్కరించింది. ఆ ఎన్నికలు స్వేచ్ఛగా జరగలేదని అమెరికా అన్నది. మన ప్రధాని మర్నాడే ఫోన్ చేసి అభినందించారు. ఢాకా విశ్వవిద్యాలయంలో చదివే కుర్రాడికి ఈ మూడు ఎన్నికలూ గుర్తున్నాయి, మూడుసార్లూ పక్కనున్న పెద్ద దేశం ఎవరి భుజం తట్టిందో కూడా గుర్తుంది.

ఆ కుర్రాళ్లే 2024 జులైలో రోడ్డెక్కారు. మొదట అడిగింది ఉద్యోగాల కోటా గురించి. 1971 స్వాతంత్ర్య యోధుల వారసులకు 30 శాతం కోటాను జూన్‌లో హైకోర్టు పునరుద్ధరించింది. దాన్ని తీసేయమన్నారు. జులై 16న రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి చేతులు చాపి నిలబడి ఉండగా పోలీసులు కాల్చారు. ఆ వీడియో చూడనివాళ్లు ఉండరు. తర్వాత ఇంటర్నెట్ బందు, కర్ఫ్యూ. జులై 21న సుప్రీంకోర్టు కోటాను 5 శాతానికి తగ్గించింది గానీ అప్పటికి లెక్క కోటా దాటిపోయింది. జులై 1 నుంచి ఆగస్టు 15 వరకు 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో రాసింది.

కాల్పులు జరుగుతున్న రోజుల్లో మన విదేశాంగ శాఖ అన్నమాట ఒక్కటే: అది బంగ్లాదేశ్ అంతర్గత వ్యవహారం. ఆగస్టు 5న హసీనా ఘాజియాబాద్ దగ్గర హిండన్ విమాన స్థావరంలో దిగింది.

అంతర్గత వ్యవహారం అంటే ఎంతవరకు?

ఆ మాటకు చట్టంలో బలం ఉంది. ఒక దేశపు సొంత వ్యవహారాల్లో జోక్యం చేసుకోవద్దని ఐక్యరాజ్యసమితి చార్టర్ రెండో అధికరణ చెప్తుంది. 1954లో నెహ్రూ కాలంలో చైనాతో కుదిరిన పంచశీల కూడా అదే అంటుంది. వలస పాలన నుంచి బయటపడ్డ దేశాలకు ఈ సూత్రం కవచం లాంటిది. లేకపోతే ప్రజాస్వామ్యం పేరు చెప్పి ఎవడైనా లోపలికి వస్తాడు.

అయితే దానికీ ఒక హద్దు ఉంది. జాతిహత్య, యుద్ధ నేరాలు, జాతి ప్రక్షాళన, మానవత్వంపై నేరాలు జరుగుతుంటే ప్రపంచం చూస్తూ కూర్చోకూడదని 2005లో ఐక్యరాజ్యసమితి దేశాలన్నీ ఒప్పుకున్నాయి. మన చరిత్రలో దానికి ముందే ఒక ఉదాహరణ ఉంది. 1970 ఎన్నికల్లో గెలిచిన అవామీ లీగ్‌కు పాకిస్తాన్ సైనిక పాలకులు అధికారం ఇవ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి నుంచి ఊచకోత మొదలైంది. సుమారు కోటి మంది శరణార్థులు మన వైపు వచ్చారు. అప్పుడు అమెరికా చేసింది చూడండి. ఢాకాలోని దాని సొంత కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఇది తప్పు అని టెలిగ్రామ్ కొట్టినా నిక్సన్ ప్రభుత్వం పాకిస్తాన్ సైన్యం వైపే నిలిచింది. ఓటేసిన జనం కంటే ఆ సైన్యాధిపతి దోస్తీ వాళ్లకు ఎక్కువైంది.

బలం వాడటం ఎప్పుడూ 1971లా ముగియదు. 2011 మార్చి 17న లిబియా మీద భద్రతా మండలి తీర్మానం చేసింది, పౌరులను కాపాడటం కోసం అని. భారత్ ఓటు వేయకుండా పక్కకు తప్పుకుంది. కాపాడటం కోసం మొదలైన నాటో బాంబులు గద్దాఫీ చనిపోయేదాకా ఆగలేదు. తర్వాత ఆ దేశం ముక్కలై ఈరోజుకీ కుదురుకోలేదు. అదే మార్చిలో బహ్రెయిన్‌లో జనం లేస్తే సౌదీ సైన్యం వంతెన దాటి వచ్చింది, జనం కోసం కాదు, రాజు కోసం. అక్కడ నాటో గొంతు పెగల్లేదు. ఈజిప్టులో ఓట్లతో గెలిచిన ముర్సీని 2013 జులై 3న సైన్యం దించితే దాన్ని సైనిక కుట్ర అని పిలవడానికే వాషింగ్టన్ ఒప్పుకోలేదు. అలా పిలిస్తే వాళ్ల చట్టం ప్రకారం సాయం ఆపాల్సి వస్తుంది మరి. ఈ రెండు నాల్కల కథ మన పాఠకులకు కొత్త కాదు, ఎక్కువ చెప్పను.

నాకు వీటన్నిటికంటే పనికొచ్చే ఉదాహరణ ఢాకాలోనే దొరికింది. ప్రపంచ శాంతి దళాలకు ఎక్కువ మంది సైనికులను పంపే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. ఆ డ్యూటీ అక్కడి సైనికుడికి గౌరవం, జీతం రెండూ. జనాన్ని అణిచే పనిలో దిగితే శాంతి దళాల్లో చోటు పోతుందని బంగ్లాదేశ్ సైన్యాన్ని ముందే హెచ్చరించామని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల అధిపతి వోల్కర్ టర్క్ 2025 మార్చిలో బీబీసీకి చెప్పారు. సైన్యం చివరికి కాల్చకుండా ఆగడానికి ఇదొక్కటే కారణం అని ఎవరూ అనలేరు. కానీ గమనించండి, ఒక్క బాంబు పడలేదు, సామాన్యుడి కంచంలో ఒక్క మెతుకు తగ్గలేదు. ఒత్తిడి తుపాకీ పట్టుకున్నవాడి మీద మాత్రమే పడింది.

కొలంబోలో మనం చేసింది

ఢిల్లీకి ఇది చేతకాదని కాదు. రెండేళ్ల ముందు చేసి చూపించింది.

2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. పెట్రోలు లేదు, గ్యాసు లేదు, మందులు లేవు. జనం అరగలయ పేరుతో గొటబాయ రాజపక్స దిగిపోవాలని ఉద్యమం చేశారు. అరగలయ అంటే సింహళంలో పోరాటం. ఆ ఏడాది భారత్ ఇచ్చిన సాయం మొత్తం సుమారు 400 కోట్ల డాలర్లు. అందులో ఆహారం, మందుల లాంటి వాటికి 100 కోట్ల డాలర్ల అరువు, ఇంధనానికి 50 కోట్ల డాలర్లు, కరెన్సీ మార్పిడి కింద 40 కోట్ల డాలర్లు, మిగతాది వాయిదాలు పొడిగించడం లాంటివి. తమిళనాడు ప్రభుత్వం విడిగా బియ్యం, పాలపొడి, మందులు పంపింది.

గొటబాయ జులై 13న మాల్దీవులకు పారిపోతే, ఆయన పారిపోవడానికి భారత్ సాయం చేసిందన్న వార్తలను కొలంబోలోని మన హైకమిషన్ అదే రోజు ఖండించింది. శ్రీలంక ప్రజలకు మద్దతు కొనసాగుతుందని చెప్పింది. మనుషుల పేర్లు తీయలేదు. 2023 జనవరిలో, అప్పిచ్చిన దేశాల్లో అందరికంటే ముందు ఐఎంఎఫ్‌కు హామీ పత్రం ఇచ్చింది కూడా మనమే.

వాణిజ్యం చదివినవాడిగా నాకు ఇందులో నచ్చింది ఆ అరువు రాసిన తీరు. డబ్బు పాలకుడి జేబులోకి పోలేదు. సరుకు రూపంలో బజారులోకి పోయింది. పాలకుడు మారినా బాకీ దేశం పేరు మీదే ఉంది, మంచి పేరు కూడా దేశంలోనే మిగిలింది. తర్వాత జరిగింది చూడండి. ఒకప్పుడు భారత వ్యతిరేకతే రాజకీయంగా బతికిన జేవీపీ పార్టీ నాయకుడు అనుర కుమార దిసనాయకెను ఇంకా గెలవకముందే, 2024 ఫిబ్రవరిలో, ఢిల్లీ పిలిచి మాట్లాడింది. సెప్టెంబర్‌లో ఆయన అధ్యక్షుడయ్యాడు. డిసెంబర్‌లో మొదటి విదేశీ పర్యటనకు వచ్చింది మన దేశానికే.

ఢాకాలో ప్రతిపక్షంతో అలా కూర్చుని ఉంటే? జరిగిపోయిందని వదిలేయొచ్చు, కానీ ఆ తేడా ఖరీదు మనమే కట్టాం.

శిక్ష ఎవరికి పడింది?

హసీనాకు ఆశ్రయం ఇవ్వడం తప్పని నేను అనను. ప్రాణభయంతో వచ్చినవాళ్లకు తలుపు తీయడం ఈ నేల ఆచారం. కానీ ఆశ్రయం వేరు, మైకు వేరు. ఇక్కడ కూర్చుని ఆమె ఆన్‌లైన్‌లో ప్రసంగాలు చేస్తుంటే అక్కడ మంట లేచింది. 2025 ఫిబ్రవరి 5న అలాంటి ప్రసంగం రోజే ధాన్‌మండీలోని షేక్ ముజీబ్ ఇంటిని గుంపు కూల్చింది. కూల్చింది తప్పే. మైకు ఇచ్చింది కూడా తెలివైన పని కాదు.

తర్వాత వీసాలు. వైద్యం కోసం కోల్‌కతా, చెన్నై, వెల్లూరు, హైదరాబాద్ వచ్చే బంగ్లాదేశీలకు దారి దాదాపు మూసుకుపోయింది. 2025 మార్చిలో చైనా వాళ్లను కున్మింగ్ ఆసుపత్రులకు తీసుకెళ్లింది. మనం మూసిన తలుపు పక్కనే ఇంకొకరు తలుపు తెరిచారు.

తర్వాత వ్యాపారం. 2025 ఏప్రిల్ 8న బంగ్లాదేశ్ సరుకు మన దారుల మీదుగా మూడో దేశానికి వెళ్లే సౌకర్యాన్ని మనం రద్దు చేశాం. వారం తిరక్కుండానే భూ సరిహద్దుల గుండా మన నూలు రాకుండా బంగ్లాదేశ్ ఆపింది. మే 17న వాళ్ల రెడీమేడ్ బట్టలు భూమార్గంలో రావద్దని మనం ఆంక్ష పెట్టాం. ఎవరు మొదలుపెట్టారు అన్న వాదన రెండు రాజధానుల్లో నడుస్తూ ఉంటుంది. మధ్యలో నలిగింది మాత్రం నూలు బేళ్లు, వాటి వెనక దూది, దూది వెనక పత్తి రైతు. అదే ఏడాది ఫిబ్రవరిలో మిర్చి ధర కూలి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఆ పతనానికి బంగ్లాదేశ్ గొడవే కారణం అనడం సరికాదు. కానీ అలాంటి ఏడాదిలో ఒక్క కొనుగోలుదారు చేయి వెనక్కి తీసుకున్నా రైతుకు తెలుస్తుంది.

నిత్యావసరాలు ఆపడం అనే ఆయుధం మనకు ఎప్పుడూ అచ్చిరాలేదు. 1989లో నేపాల్‌తో రవాణా ఒప్పందం గడువు అయిపోయాక సరిహద్దు దారులు చాలావరకు మూసేశాం. 2015లో వాళ్ల కొత్త రాజ్యాంగం వచ్చాక సరిహద్దులో నెలల తరబడి లారీలు ఆగాయి, మేం ఆపలేదని ఢిల్లీ అన్నా అక్కడెవరూ నమ్మలేదు. ఆ చలికాలం గ్యాసు సిలిండర్ లేని ఇళ్లలో పెరిగిన పిల్లలే 2025లో ఖాట్మండు వీధుల్లోకి వచ్చిన యువత.

మైనారిటీల మాట

ముస్లింగా ఇది సూటిగా రాయాలి. 2024 ఆగస్టు 5 తర్వాత బంగ్లాదేశ్‌లో హిందువుల ఇళ్ల మీద, దుకాణాల మీద, గుళ్ల మీద దాడులు జరిగాయి. అహ్మదీయుల మీద, చిట్టగాంగ్ కొండల ఆదివాసుల మీద కూడా జరిగినట్టు ఐక్యరాజ్యసమితి నివేదికే రాసింది. పాత వీడియోలు, వేరే చోటి వీడియోలు కలిపి మన ఫోన్లలో తిప్పిన అబద్ధాలు చాలా ఉన్నాయి. అబద్ధాలు ఉన్నాయని నిజం లేకుండా పోదు. విప్లవం పేరుతో పక్కింటి వాడి తలుపు పగలగొట్టేది జుల్మే. ప్రధాని మోదీ యూనుస్‌కు శుభాకాంక్షలు చెప్తూ మైనారిటీల భద్రత గురించి అడగడం సరైనదే, ఏ ప్రభుత్వమైనా అడగాలి.

కానీ అడిగేవాడి తరాజు సమంగా ఉండాలి. 2025లో మన నగరాల్లో బెంగాలీ మాట్లాడే కూలీలను బంగ్లాదేశీలని పట్టుకుని సరిహద్దు అవతలికి నెట్టారు. వాళ్లలో కొందరు భారత పౌరులే అని తేలి వెనక్కి తేవాల్సి వచ్చింది. ఈ వార్త ఢాకాలో చదివినవాడు మన మాటను ఏ చెవితో వింటాడు?

మన ఇడ్లీ పిండిలో ఉన్న సంగతి

ఇంతవరకు ప్రభుత్వాన్ని అడిగాం. మనల్ని కూడా అడుక్కోవాలి.

వ్యాపారానికి కావాల్సింది నిలకడ. దారి తెరిచి ఉండాలి, పేమెంటు రావాలి, అవతల ఎవరు ఏలితే ఏంటి? యార్డు చుట్టూ పెరిగినవాడిని, ఈ ఆలోచన నాకూ తెలుసు. దీనికి అసలు పరీక్ష బర్మా. 1988లో అక్కడ విద్యార్థులు లేచినప్పుడు భారత్ బాహాటంగా వాళ్ల వైపు నిలిచింది. 90లలో సరిహద్దు అవసరాలు, చైనా భయం చూసుకుని సైనిక పాలకులతో కలిసిపోయింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ గెలిచిన ప్రభుత్వాన్ని కూలదోసింది. ఐదు నెలలు తిరగకుండా, జూన్‌లో, ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు కొంటామని ఐదేళ్లకు మనం ఒప్పందం చేసుకున్నాం. మన దేశం దిగుమతి చేసుకునే మినుముల్లో చాలా భాగం అక్కడివే. గుంటూరులో పొద్దున్నే తినే ఇడ్లీలో ఆ పప్పు ఉండొచ్చు.

కొనడం ఆపమని నేను అనడం లేదు. ఆ మినుము పండించేది అక్కడి రైతు, జనరల్ కాదు. కొనడం కొనసాగిస్తూనే జైల్లో పెట్టిన ఆంగ్ సాన్ సూకీ విడుదల అడగొచ్చు. మిజోరం వచ్చిన శరణార్థులను వెనక్కి నెట్టకుండా ఉండొచ్చు. అక్కడి ప్రతిపక్షంతో మాట్లాడొచ్చు. ఆయుధాలు అమ్మకుండా ఉండొచ్చు. పప్పు ఖాతా ఒకటి, తుపాకీ ఖాతా ఒకటి. రెండూ ఒకే లెడ్జర్‌లో కలిపేసి దానికి జాతీయ ప్రయోజనం అని పేరు పెడితేనే ఇబ్బంది.

ఇక నేపాల్. 2025 సెప్టెంబర్ 4న 26 సోషల్ మీడియా వేదికలను నిషేధించారు. 8న పిల్లలు రోడ్డెక్కితే ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు, మర్నాడు ప్రధాని ఓలి రాజీనామా చేశాడు. యాత్రకు వెళ్లి చిక్కుకున్న మన తెలుగువాళ్లు ప్రత్యేక విమానంలో విశాఖ, తిరుపతి చేరారు. 12న మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కి తాత్కాలిక ప్రధాని అయ్యారు. ఆవిడ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనిషి. ఢిల్లీ అప్పుడు తక్కువ మాట్లాడింది, సంతాపం చెప్పింది, అభినందనలు చెప్పింది. ఎవరినీ తన మనిషి అనలేదు. ఢాకా అనుభవం కొంత పనిచేసినట్టుంది.

నేపాల్ ఎన్నికలు 2026 మార్చి 5న పెడతామన్నారు. బర్మాతో మినుముల ఒప్పందం ఐదేళ్ల గడువు కూడా ఆ మార్చి వరకే. యార్డులోకి కొత్త కాయ జోరుగా దిగే రోజులవి. అక్కడ గెలిచేది ఎవరైనా ఢిల్లీ ఎంత త్వరగా మాట కలుపుతుందో, ఇక్కడ పప్పు కాగితం మీద ఈసారి ఏం రాసి సంతకం పెడుతుందో చూడాలి.